చెవికి చిక్కని సంకేతం

పుదుచ్చేరి ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రాన్ని శ్రోతలు 1215 కిలోహెర్ట్జ్ వద్ద ఎరుగుదురు. రేడియో ముల్లు అక్కడ నిలిపితే పాట స్వచ్ఛంగా వినిపించవచ్చు. అంతమాత్రాన ప్రసారయంత్రం నిర్దోషమని చెప్పడానికి వీలులేదు. ఏ ప్రసారయంత్రమైనా తనకు కేటాయించిన పౌనఃపున్యానికి రెట్టింపు, మూడింతలు గల చోట్ల కూడా కొద్దో గొప్పో శక్తిని వెదజల్లుతుంది. వీటిని హార్మోనిక్‌లంటారు. 1215కు మూడింతలు 3645. మన దేశంలో హామ్ రేడియో ఔత్సాహికులకు కేటాయించిన 3500–3700 కిలోహెర్ట్జ్ పట్టీలో పడుతుంది అది!

2011 డిసెంబర్ 30న పుదుచ్చేరి, కడలూరు నడుమ తీరం దాటిన థానే తుపాను వంటి విపత్తులలో విద్యుత్తు, టెలిఫోను స్తంభించిపోతాయి. అప్పుడు వంద కిలోమీటర్ల అవతలి నుంచి బ్యాటరీ సెట్టు పంపే బలహీన సంకేతాన్ని, పట్టణంలోనే పుట్టిన హార్మోనిక్ కప్పివేయగలదు. పాట వినే శ్రోతకు ఆ సంగతే తెలియదు.

దానిని కంటికి చూపేది స్పెక్ట్రమ్ ఎనలైజర్. తెర మీద అడ్డంగా పౌనఃపున్యం, నిలువుగా బలం. మీడియం వేవ్ ప్రసారాలలో హార్మోనిక్ అసలు సంకేతం కంటే 50 డెసిబెల్స్ తక్కువగా, అంటే లక్షవ వంతుకు లోబడి ఉండాలని అంతర్జాతీయ నిబంధన. 20 మీటర్ల తాటిచెట్టు పక్కన ఇసుక రేణువన్నమాట. పైగా అది 50 మిల్లీవాట్లను మించరాదు. 20 కిలోవాట్ల యంత్రానికి ఈ రెండవ హద్దే కఠినతరం: నాలుగు లక్షలలో ఒక వంతు! తెర కొలత డెసిబెల్స్‌లో ఉండడం వల్లనే ఈ రేణువు కూడా కంటికి ఆనుతుంది.

అంత శక్తిని నేరుగా ఎనలైజర్‌కు కలిపితే పరికరం భస్మమే; సాధారణంగా అది ఒక్క వాటుకు మించి భరించదు. అందుచేత స్వల్పమైన నమూనాను మాత్రమే అందిస్తారు.

అసలు చిక్కు ఇక్కడే. ఆ నమూనా కాస్త బలంగా ఉన్నా ఎనలైజర్ లోపలి మిక్సరే హార్మోనిక్‌లను సృష్టిస్తుంది. దోషం ప్రసారయంత్రానిదా, కొలిచే పరికరానిదా? అనుభవజ్ఞులు పరికరంలోని అటెన్యుయేటర్‌ను మరో 10 డెసిబెల్స్ పెంచి చూస్తారు. ఆ తగ్గింపును పరికరం తానే లెక్కలో సరిచేసుకుంటుంది కనుక నిజమైన హార్మోనిక్ ఎత్తు మారదు. పరికరం కల్పించినదైతే కుంగిపోతుంది. క్షణంలో ముగిసే ఈ పరీక్షను విస్మరించి, ఏ దోషమూ లేని ఫిల్టర్లను విప్పదీసేవారూ లేకపోలేదు.