450 హెలికాప్టర్ కిట్: చిన్నదే కదా అనుకుంటే పప్పులో కాలేసినట్టే

డ్రోన్‌లో నాలుగు మోటార్లు, నాలుగు ప్రొపెల్లర్లు. మిగతా తలనొప్పంతా సాఫ్ట్‌వేర్‌ది. ఆర్‌సీ హెలికాప్టర్ లెక్క వేరు. ఇందులో బ్లేడ్లు తిరుగుతూనే తమ కోణాన్ని మార్చుకోవాలి. ఆ పని చేసేవి బఠాణీ గింజంత బేరింగులు, లింకులు, స్క్రూలు. కిట్ కొంటే వాటన్నింటినీ బిగించాల్సింది మనమే.

నేను తీసుకున్నది 450 క్లాస్. తైవాన్‌కు చెందిన అలైన్ కంపెనీ టీ-రెక్స్ 450తో బాగా పాపులర్ అయిన సైజు ఇది. ఒక్కో బ్లేడు 325 మిల్లీమీటర్లు, 11.1 వోల్టుల లైపో బ్యాటరీ, మొత్తం బరువు ముప్పావు కిలో అటూ ఇటూ. చిన్నది కాబట్టి ఈజీ అనుకుంటాం కానీ నిజానికి రివర్స్. పెద్ద మోడల్‌లో లింకు పొడవు అర మిల్లీమీటర్ తేడా వచ్చినా సర్దుకుపోతుంది. ఇందులో బ్లేడు కోణమే మారిపోతుంది.

ఒక్కసారి ఈ లెక్క చూడండి. హెడ్ నిమిషానికి 2,700 సార్లు తిరిగితే బ్లేడు కొస వేగం గంటకు 350 కిలోమీటర్లు దాటుతుంది. బ్లేడు బరువు 30 గ్రాములే అయినా, అది బయటికి లాగే బలం దాదాపు 50 కిలోలు! ఆ లాగుడంతా ఆపేది అగ్గిపుల్ల మందం ఉన్న ఒక స్క్రూ. ఇది తెలిశాక ఆ స్క్రూ బిగించేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెట్టా.

మొత్తం బిల్డ్‌లో అసలు పరీక్ష థ్రస్ట్ బేరింగ్. ఇందులో రెండు రింగులు ఉంటాయి, చూస్తే కవలల్లా ఉంటాయి. కానీ ఒకదాని రంధ్రం వెంట్రుకవాసి పెద్దది. అది హెడ్ మధ్య వైపు, చిన్నది బయటి స్క్రూ వైపు రావాలి. కంటికి ఆ తేడా ఆనదు. షాఫ్ట్‌కి తొడిగి చూస్తే ఒకటి వదులుగా జారుతుంది, ఇంకోటి పట్టుగా కూర్చుంటుంది. తిరగేసి పెడితే బేరింగ్ ఎక్కువ రోజులు బతకదు.

తర్వాతిది థ్రెడ్‌లాక్. వైబ్రేషన్‌కి స్క్రూలు వదులు కాకుండా వేసే జిగురు ఇది. నీలం రంగుదే వాడండి, ఎర్రది వేస్తే మళ్లీ విప్పడం నరకం. మెటల్‌లోకి వెళ్లే మెటల్ స్క్రూలకే వేయాలి, అదీ ఆల్కహాల్‌తో నూనె తుడిచాక. ప్లాస్టిక్‌కి తగిలితే పగుళ్లొచ్చే ప్రమాదం ఉంది. ఫ్యాక్టరీలో ముందే బిగించిన భాగాల్ని కూడా నేను మొత్తం విప్పేశా. లోపల జిగురు ఉందో లేదో బయటి నుంచి తెలియదు కదా! స్క్రూలన్నీ ఇడ్లీ ప్లేటు గుంటల్లో సైజుల వారీగా సర్దుకున్నా. మా అమ్మకి మాత్రం ఈ ఐడియా నచ్చలేదు. అన్నట్టు, 1.5 మిల్లీమీటర్ల హెక్స్ డ్రైవర్ దగ్గర పీనాసితనం వద్దు. చవకది స్క్రూ తలను అరగదీసి పెడుతుంది.

గేర్ల మధ్య సందు కోసం సన్నటి కాగితం ముక్క పెట్టి మోటార్ బిగిస్తే సరిపోతుంది. టైమ్ తినేది సర్వోల సెటప్. స్వాష్‌ప్లేట్‌ను మూడు సర్వోలు 120 డిగ్రీల ఎడంతో మోస్తాయి. స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు మూడు చేతులూ నిటారు కోణంలో, ప్లేటు సమంగా, బ్లేడ్ల పిచ్ సున్నా ఉండాలి. ఈ పని జరుగుతున్నంత సేపూ మోటార్ వైర్లు ఊడదీసే ఉంచాలి, ఇందులో బేరం లేదు. మెకానికల్ పని మూడు సాయంత్రాల్లో అయిపోతే, దీనికి నాలుగు పట్టింది.

మరి రెడీమేడ్ కొనుక్కోవచ్చు కదా అంటారా? ఎగరేయడమే కావాలంటే నిజంగానే అదే కొనండి. కానీ హెలికాప్టర్ ఎప్పుడో ఒకప్పుడు కింద పడుతుంది. అప్పుడు ఏ షాఫ్ట్ వంగిందో, ఏ గేరు పన్ను విరిగిందో కిట్ కట్టినవాడికి చెయ్యి పెడితే తెలుస్తుంది. నా ఓటు అందుకే కిట్‌కి. ట్రాన్స్‌మిటర్, బ్యాటరీ, చార్జర్ చాలావరకు విడిగా కొనాల్సినవే, బడ్జెట్ వేసేటప్పుడు మర్చిపోవద్దు.

బ్లేడ్లు లేకుండా మొదటి స్పిన్ అయిపోయింది, వణుకు లేదు. ప్రస్తుతం సిమ్యులేటర్‌లో ముక్కు నావైపు తిప్పి గాల్లో నిలబెట్టడం ప్రాక్టీస్ చేస్తున్నా. అలా ఐదు నిమిషాలు కదలకుండా నిలబడే వరకు కార్బన్ బ్లేడ్లు పెట్టెలోనే ఉంటాయి.