కుంచెతో గ్లేజ్, పారదర్శక ఎపాక్సీ పూతలు

మీ ఇంట్లో పాత టేకు టీపాయ్ ఒకటి ఉందనుకోండి. దానికి వార్నిష్ వేయడం మీకు తెలిసిన పనే. డబ్బా మూత తీసి, బ్రష్ ముంచి వేసి, మర్నాటిదాకా వదిలేస్తే సరిపోతుంది. అదే టీపాయ్‌కి రెండు సీసాల్లో దొరికే పారదర్శక ఎపాక్సీ వేయాలనుకుంటే, చేతిలో బ్రష్ అదే అయినా పని మాత్రం అది కాదు. వార్నిష్ ఆరుతుంది. ఎపాక్సీ ఆరదు, దానిలో రసాయనచర్య జరిగి గట్టిపడుతుంది. ఎపాక్సీ పూతలో వచ్చే లోపాల్లో చాలావాటికి మూలం ఈ తేడాను పట్టించుకోకపోవడమే. కొలత, సమయం, మందం, వాతావరణం, చివరికి మీ చేతుల ఆరోగ్యం కూడా దీనితోనే ముడిపడి ఉన్నాయి.

పూత గట్టిపడే మార్గాలు

ఏటికొప్పాక బొమ్మలను గుర్తుచేసుకోండి. లేత్ మీద తిరుగుతున్న కొయ్యకు లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటే, రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది, చల్లారితే గట్టిపడుతుంది. మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ఫ్రెంచ్ పాలిష్‌లో అదే లక్కను స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. స్పిరిట్ ఆవిరై లక్క పొర మిగులుతుంది. అవిసె నూనె ఆధారంగా చేసిన వార్నిష్‌లు మొదట ద్రావణిని కోల్పోయి, తరవాత గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా బిగుసుకుంటాయి.

ఎపాక్సీకి ఇవేవీ అక్కర్లేదు. ఒక సీసాలో రెజిన్ ఉంటుంది. సాధారణంగా అది బిస్‌ఫినాల్-ఏ, ఎపిక్లోరోహైడ్రిన్‌ల నుంచి తయారైనది. దాని అణువు రెండు కొనల్లోనూ రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ ఉన్న చిన్న త్రిభుజాకార వలయం ఉంటుంది. వంచి కట్టిన వెదురుబద్దలాగా ఆ వలయం ఒత్తిడిలో ఉంటుంది. రెండో సీసాలోని హార్డెనర్ ఒక ఎమీన్. ఎమీన్‌లోని నత్రజనికి అంటి ఉన్న ఒక్కొక్క హైడ్రోజన్ ఒక్కొక్క వలయాన్ని తెరిచి బంధం ఏర్పరుస్తుంది. అలా అన్ని దిక్కులకూ బంధాలు అల్లుకొని, మొత్తం పూత ఒకే జాలక అణువుగా మారుతుంది. అందుకే గట్టిపడిన ఎపాక్సీని వేడితో కరిగించలేరు, థిన్నర్‌తో తుడిచేయలేరు. 1930-40 దశకాల్లో స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్టాన్, అమెరికాలో సిల్వాన్ గ్రీన్లీ ఈ రెజిన్లను రూపొందించారు. మనకు బాగా తెలిసిన అరల్డైట్ 1946లో మార్కెట్లోకి వచ్చింది.

కొలత ఎందుకు తప్పకూడదు

ఒక వలయానికి ఒక హైడ్రోజన్ అన్నాం కదా, దాన్ని లెక్కలో పెడదాం. మామూలు ద్రవ రెజిన్ తుల్యాంక భారం సుమారు 188. ట్రైఇథిలీన్ టెట్రమీన్ అనే హార్డెనర్ అణుభారం 146. చర్యలో పాల్గొనే హైడ్రోజన్లు 6. కాబట్టి దాని తుల్యాంక భారం సుమారు 24. 188 గ్రాముల రెజిన్‌కు 24 గ్రాములంటే, 100 గ్రాములకు దాదాపు 13 గ్రాములు. పూతల కోసం అమ్మే హార్డెనర్లలో ఇతర పదార్థాలు కలిపి ఈ నిష్పత్తిని 2:1, 1:1 వంటి సులువైన అంకెలకు తెస్తారు. అంకె మారినా సూత్రం మారదు.

ఇక్కడే మన వర్క్‌షాపుల్లో ఒక అపోహ పాతుకుపోయింది. ఫైబర్‌గ్లాస్ పనిలో వాడేది పాలియెస్టర్ రెజిన్. దానికి కలిపే పెరాక్సైడ్‌ను కూడా చాలామంది ‘హార్డెనర్’ అనే పిలుస్తారు. నిజానికి అది చర్యను ప్రారంభించేది మాత్రమే. దాన్ని కొంచెం ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుంది, తక్కువ వేస్తే ఆలస్యమవుతుంది. ఆ అలవాటుతో ఎపాక్సీలో ‘త్వరగా సెట్ కావాలి’ అని హార్డెనర్ ఎక్కువ పోస్తే, ఆ అదనపు ఎమీన్‌కు జత దొరకదు. పూత మెత్తగానో, జిగురుగానో ఉండిపోతుంది. వారం ఆగినా, ఎండలో పెట్టినా పూర్తిగా బాగుపడదు. గీకి తీసేయడం ఒక్కటే దారి. వేగం మార్చాలంటే ‘ఫాస్ట్’, ‘స్లో’ అని విడిగా దొరికే హార్డెనర్లలో తగినదాన్ని ఎంచుకోవాలి గాని, పాళ్ళు మార్చకూడదు.

సీసా మీద రాసిన నిష్పత్తి ఘనపరిమాణానిదా, బరువుదా అన్నది కూడా చూడండి. రెజిన్ సాంద్రత 1.15, హార్డెనర్ సాంద్రత 0.97 అనుకుందాం. ఘనపరిమాణంలో 2:1 అంటే బరువులో 100కు సుమారు 42 అవుతుంది. ఆ సంగతి చూడకుండా త్రాసు మీద 100కు 50 తూచితే హార్డెనర్ 18 శాతం పైగా ఎక్కువైనట్లే.

కలిపేటప్పుడు గిన్నె అంచులనూ అడుగునూ గీకుతూ రెండు మూడు నిమిషాలు నిదానంగా కలపండి. తరవాత ఆ మిశ్రమాన్ని వేరే శుభ్రమైన గిన్నెలోకి వంచి మళ్ళీ ఒకసారి కలపండి. మొదటి గిన్నె గోడలకు అంటుకున్న రెజిన్ సరిగా కలవదు. దాన్ని బ్రష్‌తో తుడిచి పలకకు పూస్తే అక్కడ జిగట మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది.

ముందుగా గ్లేజ్

కుండల మీద కాల్చి తెచ్చే గాజుపూతను కూడా గ్లేజ్ అంటారు. మనం మాట్లాడేది అది కాదు. అడుగు రంగు కనిపించేలా దానిపై పలచగా వేసే పారదర్శకమైన రంగుపూత ఇక్కడ గ్లేజ్. కొయ్య గీతలను ముదురు చేయడానికీ, పాతదనం చూపడానికీ దీన్ని వాడతారు. బ్రష్‌తో పూసి, తడిగా ఉండగానే పొడి బ్రష్‌తోగాని గుడ్డతోగాని కొంత తీసేస్తారు.

ఎపాక్సీ కింద ఉండే గ్లేజ్‌కు ఒక షరతు ఉంది: అది పూర్తిగా ఆరి ఉండాలి. నీటి ఆధారిత గ్లేజ్‌లో తేమ మిగిలితే పైపూత మసకబారుతుంది. నూనె గ్లేజ్ చేతికి ఆరినట్లు తగిలినా లోపల ఇంకా పచ్చిగా ఉండవచ్చు. అప్పుడు ఎపాక్సీ దాన్ని పట్టుకోదు. నన్నడిగితే, మొదటి ప్రయత్నానికి నీటి ఆధారిత గ్లేజ్ వేసి రెండు రోజులు ఆగడం మేలు. ముందు అదే కొయ్య ముక్క మీద వేసి చూడటం ఇంకా మేలు.

బ్రష్ చేసే పని

బ్రష్ గీత వెనుక చిన్న గట్లు, కాలవలు మిగులుతాయి. పూత తలతన్యత ఆ గట్లను లాగి చదును చేస్తుంది. స్నిగ్ధత దానికి అడ్డుపడుతుంది. ఈ చదునయ్యే వేగానికి 1960ల తొలినాళ్ళలో ఆర్చర్డ్ ఒక సమీకరణం ఇచ్చాడు. ఆ వేగం పూత మందం ఘనానికి అనులోమానుపాతంలోనూ, రెండు గట్ల మధ్య దూరం నాలుగో ఘాతానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది. అంటే మందం సగమైతే చదును కావడానికి 8 రెట్లు సమయం పడుతుంది. గట్ల మధ్య దూరం సగమైతే 16 రెట్లు త్వరగా చదునవుతుంది.

ఈ రెండు అంకెలు చాలు, బ్రష్ ఎలా పట్టాలో చెప్పడానికి. ముతక వెంట్రుకల బ్రష్ దూరదూరంగా గట్లు మిగులుస్తుంది. మెత్తని, ఒత్తైన వెంట్రుకల బ్రష్ దగ్గరదగ్గరగా మిగులుస్తుంది. కాబట్టి చౌక బ్రష్ కొని ఆదా చేసుకునేది ఏమీ లేదు. వెంట్రుకలు ఊడి పూతలో ఇరుక్కుంటే ఆ బాధ వేరే. అలాగే ఎపాక్సీని వార్నిష్‌లా లాగి లాగి పలచన చేయకూడదు. చాలినంత పూసి, మొదట అడ్డంగా పరిచి, తరవాత దాదాపు పొడిగా ఉన్న బ్రష్ కొనతో ఒక చివరి నుంచి రెండో చివరిదాకా తేలికగా ఒక్కసారి నిలువుగా దిద్ది వదిలేయాలి. మళ్ళీ మళ్ళీ దిద్దితే గాలి బుడగలు చేరతాయి. చిక్కబడటం మొదలైన తరవాత ముట్టుకుంటే ఆ గీతలు అలాగే నిలిచిపోతాయి. నిలువు తలాల సంగతి వేరు. అక్కడ పూత ఉపరితలం జారే వేగం మందం వర్గంతో పెరుగుతుంది కనుక, టీపాయ్ కాళ్ళకు పలచని కోట్లే వేయాలి.

మిశ్రమం చిక్కగా ఉందని థిన్నర్ కలపవద్దు. కొంత ద్రావణి గట్టిపడే పూతలో చిక్కుకొని దాన్ని బలహీనపరుస్తుంది.

మీరే లెక్కించి చూడండి: 90 సెం.మీ. × 60 సెం.మీ. పలకకు 0.15 మి.మీ. మందం పూత వేయాలి. నిష్పత్తి ఘనపరిమాణంలో 2:1. ఎంత కలపాలి? (వైశాల్యం 0.54 చదరపు మీటర్లు. మిశ్రమం 81 మి.లీ.; రెజిన్ 54, హార్డెనర్ 27.) అదే పలకకు 3 మి.మీ. అద్దంలాంటి పూత కావాలంటే 1.6 లీటర్లకు పైగా కావాలి. అది పోసి పరిచే పని, బ్రష్ పని కాదు.

గడియారం, వాతావరణం

ఇది ఉష్ణమోచక చర్య. గిన్నెలో ముద్దగా ఉన్న మిశ్రమం తన వేడిని తానే నిలుపుకొని మరింత వేగంగా చర్య జరుపుతుంది. ఒక్కోసారి పొగలు కూడా వస్తాయి. అందుకే కలిపిన వెంటనే వెడల్పాటి పళ్ళెంలోకి వంచుకోండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యావేగం సుమారు రెట్టింపవుతుందని మీరు చదివే ఉంటారు. సీసా మీద 25 డిగ్రీల వద్ద 40 నిమిషాలని రాసి ఉంటే, 35 డిగ్రీల గదిలో 20 నిమిషాలే అనుకోవాలి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దని వేరే చెప్పనక్కర్లేదు.

పొద్దున వేడెక్కుతున్న కొయ్య తన రంధ్రాల్లోని గాలిని బయటకు నెడుతుంది. పూతలో బుడగలు లేస్తాయి. చల్లబడుతున్న కొయ్య గాలిని లోపలికి లాగుతుంది. కాబట్టి మొదటి కోటుకు సాయంత్రం మంచిది. అయితే వానాకాలం సాయంత్రాల్లో మరో చిక్కుంది. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ పూత పైకి వచ్చిన ఎమీన్‌తో కలిసి మైనంలాంటి జిడ్డు పొర ఏర్పరుస్తాయి. పలక ఉష్ణోగ్రత తుషార బిందువు కంటే, అంటే గాలిలోని తేమ నీరుగా పేరుకునే ఉష్ణోగ్రత కంటే, కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పరిశ్రమలో పాటించే నియమం. గాలి 28 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 85 శాతం ఉంటే తుషార బిందువు సుమారు 25 డిగ్రీలు. అంటే హద్దు మీద ఉన్నట్లే. ఆ రోజు ఆగడం మంచిది. జిడ్డు పొర వస్తే ముందు నీళ్ళతో రుద్ది కడగాలి. కడగకుండా ఉప్పుకాగితం పడితే జిడ్డు పూతలోకే రుద్దుకుపోతుంది.

తరవాతి కోటు ఎప్పుడు వేయాలి? గ్లవ్ వేసుకున్న వేలు ఆనిస్తే ముద్ర పడాలి, కాని వేలికి అంటుకోకూడదు. ఆ దశలో కింది పూతలో ఇంకా చర్య జరుగుతూ ఉంటుంది కాబట్టి రెండు కోట్లూ రసాయనికంగా కలిసిపోతాయి. ఆ సమయం దాటిపోతే మర్నాటిదాకా ఆగి, కడిగి, 220 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేలా రుద్ది, దుమ్ము తుడిచి వేయాలి. పూత అక్కడక్కడ గుంటలుగా విడిపోతే కింద నూనె, సిలికోన్ పాలిష్ లేదా చేతి జిడ్డు ఉందని అర్థం.

టీపాయ్‌ని వరండాలో, ఎండ పడేచోట ఉంచేటట్లయితే ఇంకో మాట. ఈ రెజిన్‌లోని బెంజీన్ వలయాలు అతినీలలోహిత కిరణాలను గ్రహించడం వల్ల పూత పసుపు రంగుకు తిరిగి, కాలక్రమేణా సుద్దలా రాలుతుంది. అక్కడ ఎపాక్సీ మీద ఎండకు తట్టుకునే పాలీయురేథేన్ కోటు తప్పనిసరి.

చేతుల సంగతి

గట్టిపడని రెజిన్, హార్డెనర్ రెండూ చర్మానికి ఎలర్జీ కలిగించగలవు. మొదటిసారి తగిలితే ఏమీ కాకపోవచ్చు, పదోసారీ కాకపోవచ్చు. కాని శరీరం ఒకసారి ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తించిందంటే, సాధారణంగా అది జీవితాంతం మరిచిపోదు. కొద్దిగా తగిలినా దద్దుర్లు, దురద, వాపు వస్తాయి. ఈ పనినే జీవనోపాధిగా ఎంచుకున్న వ్యక్తికి అంటే వృత్తి మానుకోవలసి రావడమే. ‘నాకేం కాలేదు’ అని వట్టి చేతులతో కలిపి చూపించే మేస్త్రిని చూసి నేర్చుకోకండి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, చిరిగితే వెంటనే మార్చండి. చేతికి అంటితే గుడ్డతో తుడిచి సబ్బునీళ్ళతో కడగండి. థిన్నర్‌తోగాని ఎసిటోన్‌తోగాని కడిగితే రెజిన్ పలచబడి చర్మంపై మరింత పరుచుకొని లోపలికి ఇంకుతుంది. పూర్తిగా గట్టిపడని పూతను రుద్దినప్పుడు లేచే దుమ్ము కూడా ఇలాంటిదే. మాస్క్ లేకుండా రుద్దవద్దు.

బ్రష్‌ను శుభ్రం చేయదలచుకుంటే మిశ్రమం చిక్కబడకముందే ఎసిటోన్‌లో కడగాలి, మంటకు దూరంగా, గ్లవ్స్‌తోనే. మిగిలిన మిశ్రమాన్ని గిన్నెలో ముద్దగా వదిలేయకుండా పళ్ళెంలో పలచగా పరిచి, ఆరుబయట గట్టిపడనిచ్చి, ఆ తరవాతే పారవేయండి. ద్రవంగా ఉన్నదాన్ని కాలవలో పోయకూడదు.