యౌవనారంభమున దేహవృద్ధి – దానిని గూర్చిన భయములు

ఒకే తోటలోని మామిడిచెట్లలో కొన్ని పుష్యమాసముననే పూయును. కొన్ని మాఘము గడచుదాక పూయవు. తోటమాలి యిందుకు చింతింపడు. కాని తరగతిలో ప్రక్కప్రక్కన గూర్చుండు బాలబాలికలు తమ దేహములను ఒకరితో నొకరు పోల్చుకొని లోలోన దుఃఖించుచుందురు. ఒకనికి తాను పొట్టివాడనని దిగులు. ఒకనికి గొంతు బొంగురుపోయినదని సిగ్గు. తోటివారికంటె ముందుగా నెదిగిన బాలిక వంగి నడచును. ఈ దిగులును విని తీర్చువారు లేక కొందరు చదువునందు మనసు నిలుపలేకున్నారు; కొందరు బడికి వచ్చుటయే మానుచున్నారు. కాన నీ విషయమును దాచక తెలుపుట యుక్తము.

ఈ మార్పులకు మూలము మెదడునందు గలదు. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న భాగము, తగిన కాలము వచ్చినప్పుడు, మొదట రాత్రి నిద్రలో, ఒక రసమును కొద్దికొద్దిగా విడువనారంభించును. అది బఠాణీగింజంత యున్న పీయూషగ్రంథిని ప్రేరేపించును. ఆ గ్రంథినుండి వెడలు రసములు రక్తమున గలసి, బాలురయందు వృషణములను, బాలికలయందు అండాశయములను పనికి పురికొల్పును. అక్కడ పుట్టు హార్మోనులే పిల్లల దేహమును పెద్దవారి దేహముగా మార్చును. మెదడునుండి పుట్టు నిట్టి రసములను పరిశోధించిన గిల్లెమిన్, షాలీ అను శాస్త్రజ్ఞులు 1977లో నోబెల్ బహుమానమున భాగము పొందిరి.

ఈ కార్యము సామాన్యముగా బాలికలకు 8 మొదలు 13 ఏండ్లలోపలను, బాలురకు 9 మొదలు 14 ఏండ్లలోపలను ఆరంభమగును. కాన 13 ఏండ్ల బాలురిద్దరిలో నొకనికి నూనూగు మీసము కనబడుచుండగా, రెండవవాడు చిన్నపిల్లవానివలెనే యుండవచ్చును. ఇద్దరును ఆరోగ్యవంతులే. తలిదండ్రులు ఆలస్యముగా నెదిగినవారైన బిడ్డయు నట్లే యెదుగుట తరచుగా జూచుచున్నాము.

ఎత్తును గూర్చి యొక పాత లెక్క కలదు. ఫ్రాన్సు దేశమున మాంబెయార్ అను ప్రభువు 1759 మొదలు 1777 వరకు తన కుమారుని ఎత్తును ఇంచుమించు ఆరేసి నెలలకు గొలిచి వ్రాసియుంచెను. బాల్యమున ఏటేట మందగించుచు వచ్చిన యెదుగుదల, యౌవనారంభమున నొక్కసారిగా హెచ్చి, మరల తగ్గిపోయినట్లు ఆ లెక్కవలన దెలియుచున్నది. ఇంగ్లండులోని హార్పెండెన్ పట్టణమున 1948 మొదలు టానర్ అను వైద్యుడును ఆయన సహచరులును అనేక బాలబాలికలను ఏండ్లతరబడి కొలిచిరి. ఈ వేగము బాలికలకు 12వ యేటి ప్రాంతమునను, బాలురకు 14వ యేటి ప్రాంతమునను మిక్కుటముగా నుండును. ఆ యొక్క యేడు బాలుడు 9 సెంటీమీటర్లవరకు పెరుగవచ్చును. అందుచేతనే 12 ఏండ్లప్పుడు అనేక బాలికలు బాలురకంటె పొడవుగా గనబడుదురు. పాదములును చేతులును ముందు పెరిగి మొండెము పిదప పెరుగుటచేత కొన్నాళ్లు నడకలో తడబాటుండును. అది తానే తీరును.

స్వరపేటిక పెద్దదై, స్వరతంతువులు పొడుగై దళసరియగుటచేత బాలుని కంఠము ఇంచుమించు ఒక స్థాయి క్రిందికి దిగును. ఆ దిగుటలో కొన్ని నెలలు కీచును బొంగురును కలిసి వచ్చును. ప్రార్థనకూటమున పాడుటకు సిగ్గుపడు బాలుని జూచి నవ్వకుడు. చర్మమునందలి తైలగ్రంథులు హెచ్చుగా పనిచేయుటచేత మొటిమలు లేచును. వానిని గిల్లిన మచ్చలు పడును. కొందరు బాలురకు రొమ్ము కొంచెము వాచి నొప్పిగా నుండును. ఇదియు హార్మోనుల మార్పువలననే కలిగి, సాధారణముగా ఒకటి రెండేండ్లలో తగ్గిపోవును.

బాలికలకు మొదటి ముట్టు సామాన్యముగా 12, 13 ఏండ్ల ప్రాంతమున వచ్చును. తొలి రెండేండ్లు అది నెలనెల తప్పక రావలెనని నియమములేదు. 21 మొదలు 45 దినముల వ్యవధి యుండుట వింతకాదు. ఇది రోగమును గాదు, మైలయును గాదు. సమర్తాడిన బిడ్డకు మన యిండ్లలో చిమ్మిలి పెట్టుట మంచి యాచారమే. కాని యామెను మూల గూర్చుండబెట్టి బడి మాన్పించుటకు దేహశాస్త్రమున నే కారణమును లేదు. రక్తము పోవుటచేత ఇనుము చాలినంత కావలెను. తోటకూర, మునగాకు, రాగులు, పప్పులు తినుచు, వానితో ఉసిరికాయయో నిమ్మరసమో చేర్చుకొనినచో ఇనుము చక్కగా నంటును.

ఇక నొక హెచ్చరిక. ఎత్తు పెంచుదుమని చెప్పు మందులకు డబ్బు వ్యర్థపరుపకుడు. ఎముకల చివరనున్న మెత్తని పొర గట్టిపడిన పిమ్మట ఏ పొడియు ఎత్తును పెంచజాలదు. గట్టిపడకముందు ఆరోగ్యవంతునికి ఆహారమును, నిద్రయు, ఆటయును చాలును.

అయినను వైద్యునకు జూపవలసిన గుర్తులు కొన్ని గలవు. బాలికకు 8, బాలునకు 9 ఏండ్లు నిండకమునుపే మార్పులు కనబడినను, బాలికకు 13, బాలునకు 14 ఏండ్లు నిండినను ఏ మార్పును లేకున్నను, 15 ఏండ్లకును ముట్టు రాకున్నను, రక్తస్రావము 7 దినములు దాటినను, ఎదుగుచుండవలసిన బిడ్డ బరువు తగ్గుచున్నను ఆలస్యము చేయరాదు. వీనిలో చాలవరకు సకాలమున జికిత్స గలదు.

తలిదండ్రులారా, పొట్టివాడని, లావుదానవని మీరు పరిహాసమునకు బెట్టు పేర్లు బిడ్డల మనసున ఏండ్లతరబడి నిలుచును. ఆరునెలల కొకసారి గోడమీద గీతగీచి ఎత్తు గుర్తింపుడు. బిడ్డ యెదుగుచున్నాడో లేదో ఆ గీతలే చెప్పును. వారు ప్రశ్న వేసినప్పుడు కసరక, తెలిసినంత చెప్పుడు. మీరు చెప్పనిచో తెలియనివారివలన తప్పుగా నేర్చుకొందురు.

బాలబాలికలారా, మీ దేహము పొరుగువాని దేహమునకు నకలు కాదు. దానిని సృజించిన దేవుడు దానికి దగిన కాలమునుగూడ నేర్పరచియున్నాడు. భయము కలిగినప్పుడు ఒంటరిగా మోయక, తల్లికో, తండ్రికో, నమ్మకమైన ఉపాధ్యాయునికో, ఆసుపత్రి నర్సమ్మగారికో చెప్పుడు. మీరు సిగ్గుపడు విషయమును వారు మీ వయస్సున అనుభవించినవారే.