బడి కదలలేదు, గుమ్మం కదిలింది
ప్రతిభ గల పిల్లల కోసం ఢిల్లీ ప్రభుత్వం నడిపిన బడుల రూపం అయిదేళ్లలో రెండుసార్లు మారింది. మధ్యలో నలిగింది తల్లిదండ్రులే.

పేరు రాజకీయ ప్రతిభా వికాస్ విద్యాలయ. హిందీలో 'రాజకీయ' అంటే ప్రభుత్వానిది అని మాత్రమే అర్థం. కానీ ఈ బడులకు ఆ మాట తెలుగు అర్థం కూడా అతికినట్టు సరిపోయిందని 2021 నుంచి జరిగిన కథ చెబుతోంది.

ద్వారక సెక్టార్ 10, సూరజ్‌మల్ విహార్, యమునా విహార్, రోహిణి... ఢిల్లీ నలుమూలలా ఇలాంటి బడులు దాదాపు 20 ఉండేవి. సర్కారీ, మునిసిపల్ బడుల్లో అయిదో తరగతి చదివే చురుకైన పిల్లలు పరీక్ష రాసి ఆరులో చేరేవారు. చేరాక పన్నెండు దాకా నిశ్చింత. ఫీజుల భారం లేదు, హాస్టల్ గొడవ లేదు, పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. ఆటో నడిపే తండ్రికీ, ఇళ్లలో పనిచేసే తల్లికీ ప్రైవేటు బడికి దీటైన చదువు దక్కే దారి అదే. ద్వారక బడి అయితే దేశంలోని ఉత్తమ ప్రభుత్వ డే స్కూళ్ల జాబితాల్లో ముందు వరసలో కనిపించేది.

2021 మార్చిలో ఆమ్ ఆద్మీ పార్టీ ప్రభుత్వం కొత్త పథకానికి ఆమోదం తెలిపింది. స్కూల్స్ ఆఫ్ స్పెషలైజ్డ్ ఎక్సలెన్స్ పేరిట తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు ప్రత్యేక బడులు. సైన్సు-లెక్కలు, సామాజిక శాస్త్రాలు, కళలు, కొత్త తరం నైపుణ్యాలు... ఏ పిల్లకు ఏది ఇష్టమో అదే. ఢిల్లీకి సొంతంగా బోర్డు కూడా అప్పుడే వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఈ బడులకు అంబేద్కర్ పేరు పెట్టారు. వీటిలో కొన్ని 'ప్రతిభ' బడుల ప్రాంగణాల్లోనే వెలిశాయి. ద్వారక సెక్టార్ 10 బడి కూడా అలా పేరు మార్చుకున్నదే.

గోడలు అవే, గేటు అదే. మారింది గుమ్మం. ఆరో తరగతిలో ఉన్న ప్రవేశం తొమ్మిదికి జరిగింది.

కాగితం మీద అది మూడేళ్ల తేడా. ఇంట్లో లెక్క వేరు. పదకొండేళ్లకే మంచి బడిలో పడ్డ పిల్లకు పునాది అక్కడే పడుతుంది. పద్నాలుగేళ్లకు పరీక్ష రాయాలంటే ఆ మూడేళ్లూ కిక్కిరిసిన మామూలు బడిలో నెట్టుకురావాలి. పైగా కొత్త బడుల్లో సగం సీట్లే సర్కారీ బడి పిల్లలకు కేటాయించారు. మిగతా సగానికి ట్యూషన్లు చెప్పించుకున్న ప్రైవేటు బడి పిల్లలతో పోటీ.

తల్లిదండ్రులంతా ఒకే మాట మీద ఉండే విషయం కూడా కాదిది. పిల్లలు లోపల ఉన్నవారికి కొత్త బోర్డు మార్కులకు బయట ఎంత విలువ ఉంటుందోనన్న దిగులు. అయిదో తరగతి పిల్లలున్నవారికి తలుపు మూసేశారన్న కోపం. పక్క వీధిలోని మామూలు బడిని నమ్ముకున్నవారిది ఇంకో ప్రశ్న: మంచి టీచర్లూ ల్యాబులూ కొందరికేనా? అందరిలోకీ చురుకైన పిల్లల్ని ఏరి పట్టుకుపోతే మా క్లాసులో మిగిలేదేమిటి? ఈ మూడు ప్రశ్నల్లో ఏదీ తీసిపారేసేది కాదు.

2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం మారింది. రేఖా గుప్తా నాయకత్వంలోని బీజేపీ సర్కారు 75 సీఎం శ్రీ స్కూళ్లను ప్రకటించింది. ఆ సెప్టెంబరులో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ప్రవేశ పరీక్ష పెట్టింది. అంటే గుమ్మం మళ్లీ ఆరుకు వచ్చింది. దానితో పాటే పాత వివాదమూ వచ్చింది. బడిలో చేర్చుకోవడానికి పిల్లల్ని వడపోయకూడదని విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల వంటి వాటిని అదే చట్టం 'నిర్దిష్ట కేటగిరీ'గా గుర్తిస్తుంది. కొత్త బడులు ఏ గాటికి వస్తాయన్న వాదన కోర్టు దాకా వెళ్లింది.

ఈ మార్పుల మధ్య ఒక పిల్ల వయసు లెక్క చూడండి. 2021లో అయిదు పూర్తి చేసి ఆరుకు వచ్చేసరికి పాత తలుపు మూసుకుంది. 2025లో ఆరో తరగతికి తలుపు తెరిచేసరికి ఆమె పదిలో ఉంది. మధ్యలో 2024లో, తొమ్మిదిలో చేరేటప్పుడు మాత్రం ఒక్క అవకాశం. ప్రభుత్వాలకు పథకం కుదురుకోవడానికి అయిదేళ్లు చిన్న వ్యవధే కావచ్చు, పిల్లకు అది బాల్యంలో సగం.

ఈ విషయంలో తెలుగువారికి సొంత అనుభవం ఉంది. 1971లో పి.వి.నరసింహారావు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ప్రతిభ గల పేద పిల్లల కోసం గురుకులం తెరిపించారు. కేంద్రంలో ఆయన విద్యాశాఖ చూసినప్పుడు అదే ఆలోచన నవోదయ అయింది. తొలి రెండు నవోదయల్లో ఒకటి ఢిల్లీ పొరుగునే ఉన్న హర్యానాలోని ఝజ్జర్‌లో మొదలైంది. నవోదయల గురించీ విమర్శలు ఉన్నాయి. కానీ కేంద్రంలో ఎన్ని ప్రభుత్వాలు మారినా అయిదు చదివే పిల్ల పరీక్ష రాస్తుంది, ఆరులో చేరుతుంది. నాలుగో తరగతిలో ఉండగానే తల్లిదండ్రులకు దారి తెలుసు.

ఢిల్లీ తల్లిదండ్రులు కోరుతున్నది కూడా అంతకు మించి ఏమీ కాదు. ఏరడం మంచిదా చెడ్డదా అన్న చర్చ సాగాల్సిందే. కానీ ఏ విధానం ఎంచుకున్నా, ఒకసారి లోపలికి వచ్చిన పిల్ల బయటికి వెళ్లేదాకా అది నిలవాలి. మార్చక తప్పకపోతే ఆ మాట రెండేళ్ల ముందే చెప్పాలి. బోర్డు మీద పేరు ఎవరిదైనా ఫరవాలేదు. గుమ్మం ఎక్కడుందో తెలిస్తే చాలు.