పిల్లల రాతలో కృతజ్ఞత

ప్రాథమిక పాఠశాల పిల్లలకు కృతజ్ఞత నేర్పడానికి రాత మంచి సాధనం. తనకు మేలు చేసినవారిని గురించి కాసేపు ఆలోచించి, ఆ ఆలోచనను నాలుగు వాక్యాల్లో పెట్టమని పిల్లల్ని అడగడమే ఈ పద్ధతి. పని చిన్నదే అయినా, ఇందులో పసి మనసు చేయాల్సిన శ్రమ తక్కువేమీ కాదు. ఏదైనా చేతికిస్తే ‘థ్యాంక్స్’ చెప్పడం మూడేళ్ల బిడ్డకూ అలవాటవుతుంది. ఇచ్చినవారు ఎందుకిచ్చారో, ఇవ్వడానికి వారేం వదులుకున్నారో ఊహించగలగడం మాత్రం ఎంతో తర్వాత గానీ రాదు.

ఈ ఎదుగుదల ఎలా సాగుతుందో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఫ్రాన్జిస్కా బామ్‌గార్టెన్ ట్రామర్ పరిశీలించి 1938లో ప్రచురించారు. 7 నుంచి 15 ఏళ్ల పిల్లల్ని ఆమె రెండు ప్రశ్నలు అడిగారు: నీకున్న అతి పెద్ద కోరిక ఏమిటి? దాన్ని తీర్చినవారికి నువ్వేం చేస్తావు? కొందరు మాటతో సరిపెట్టారు. చిన్నవాళ్లలో చాలామంది తమకిష్టమైన వస్తువునే తిరిగి ఇస్తామన్నారు. అంటే పెద్దాయనకైనా సరే, బొమ్మే ఇస్తారన్నమాట. వయసు పెరిగేకొద్దీ, ఎదుటివారికి ఏది అక్కరో, ఏది సంతోషమో ఆలోచించే జవాబులు ఎక్కువయ్యాయి. ఈ మలుపు మొదలయ్యే వయసులోనే పిల్లలు ప్రాథమిక తరగతుల్లో ఉంటారు.

రాతకు ఫలితం ఉంటుందా అన్నదానిపై పేరుపొందిన పరిశోధన అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించినది. కాలేజీ విద్యార్థుల్లో ఒక జట్టు పది వారాలపాటు తాము కృతజ్ఞులమనుకున్న విషయాలను, ఇంకో జట్టు చికాకులను, మరో జట్టు మామూలు సంగతులను వారం వారం రాసింది. మొదటి జట్టువారు జీవితం మీద ఎక్కువ తృప్తినీ, రాబోయే వారం మీద ఎక్కువ ఆశనూ కనబరిచారు. 2008లో జెఫ్రీ ఫ్రో బృందం 6, 7 తరగతుల పిల్లలు 221 మందితో రెండు వారాలపాటు ఇలాగే రోజూ రాయించింది. కృతజ్ఞతలు రాసిన పిల్లల్లో బడి పట్ల సంతృప్తి పెరిగింది.

ప్రాథమిక తరగతులకు దగ్గరగా వచ్చే పని మాత్రం అదే ఫ్రో బృందం 2014లో ప్రచురించింది. 8 నుంచి 11 ఏళ్ల పిల్లలకు వారు జాబితాలు రాయమని చెప్పలేదు, మేలును విప్పి చూడడం నేర్పారు. ఒకరు సాయం చేసినప్పుడు మూడు సంగతులు గమనించాలి. కావాలని చేశారా? చేయడానికి వారికేం ఖర్చయింది? దానివల్ల నాకేం మేలు జరిగింది? ఖర్చంటే డబ్బే కానక్కర్లేదు. లెక్క అర్థంకాని స్నేహితుడి కోసం ఆట మానేసి పక్కన కూర్చున్న పిల్ల తన ఆటసమయాన్ని ఇచ్చింది. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ అన్నంలోకి కారం తినలేని బిడ్డకు చారు వేరుగా తీసి ఉంచితే, ఆమె ఆ బిడ్డను గుర్తుంచుకుంది. ఇలాంటివి ఎవరైనా చూపిస్తే తప్ప పిల్లల కంట పడవు. ఈ పాఠాలు నేర్చుకున్న పిల్లలు తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల సంఘానికి మిగతావారి కంటే 80 శాతం ఎక్కువ కృతజ్ఞతా కార్డులు రాశారు.

తరగతి గదిలో ఈ మూడు ప్రశ్నలే రాతకు దారి చూపుతాయి. ఊరికే రాయమంటే ‘అమ్మకు, నాన్నకు, దేవుడికి కృతజ్ఞతలు’ అని రాసి పిల్లలు పలక పక్కన పెడతారు. ఏం జరిగిందో అడిగితే రాత మారుతుంది: ‘నిన్న వానలో నా చెప్పు తెగింది. తాతయ్య నన్ను ఎత్తుకుని నడిచాడు. ఆయనకు మోకాళ్లు నొప్పి.’ ఆ మూడో వాక్యం దగ్గర బిడ్డ ఎదుటివారి వైపు నుంచి చూసింది. ఒకటి, రెండు తరగతులవారు బొమ్మ గీసి చెబితే టీచరు కింద రాయవచ్చు. వారానికోసారి చాలు, రోజూ రాయిస్తే అది మొక్కుబడి కావచ్చు.

అయితే ఈ రాతకు మార్కులు వేయకూడదు, అక్షరదోషాల మీద ఎర్రగీతలు గీయకూడదు. మార్కులు వస్తాయంటే పిల్లలు టీచరుకు నచ్చేదే రాస్తారు. పేదింటి బిడ్డను ‘నీకు ఇంత చేశాం కదా’ అని కృతజ్ఞత అడగడం అన్యాయం. పుస్తకం, భోజనం ఆ బిడ్డ హక్కు. కొట్టే పెద్దలకు కృతజ్ఞత చెప్పించడం అంతకన్నా ప్రమాదం. బాధను కూడా రాసుకునే చోటు ఈ రాతల పుస్తకంలో ఉండాలి. ఫలితాలనూ ఎక్కువ చేసి చెప్పకూడదు. పిల్లల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే ప్రభావం స్వల్పంగానే కనబడింది.

తెలుగు బడుల్లో దీనికి కొత్త పీరియడు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తెలుగు వాచకాల్లో ‘స్వీయరచన’తో పాటు ‘ప్రశంస’ అనే అభ్యాసమూ కనిపిస్తుంది. లేఖారచన పాఠంలో సెలవుచీటీతో పాటు బడి ఊడ్చేవారికో, పుస్తకం అరువిచ్చిన స్నేహితుడికో ఒక ఉత్తరం రాయించి, దాన్ని వారి ముందే చదివించవచ్చు.