పి.ఎఫ్.ఎం. చిత్రాల్లో సంకేతాభాసలు: గుర్తింపు విధానం

కీలకపదాలు: పీజోరెస్పాన్స్ ఫోర్స్ మైక్రోస్కోపీ, ధ్రువణం, స్థిరవిద్యుత్ బలం, దశాచిత్రం

ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాల్లోని ధ్రువణదిశను నానోమీటర్ల స్థాయిలో చూపే పద్ధతి పీజోరెస్పాన్స్ ఫోర్స్ మైక్రోస్కోపీ (పి.ఎఫ్.ఎం.). కాంటిలీవర్ చివర ఉన్న విద్యుద్వాహక మొన నమూనా ఉపరితలాన్ని తాకుతూ ఏకాంతర వోల్టేజిని అందిస్తుంది. దానికి అనుగుణంగా పదార్థం పికోమీటర్ల మేర సంకోచవ్యాకోచాలు చెందుతుంది. ఆ కదలికలోని కంపన పరిమితిని, దశను లాక్-ఇన్ యాంప్లిఫయర్ రెండు వేరువేరు చిత్రాలకు అందిస్తుంది.

ఇంత స్వల్పమైన కదలికలో పదార్థం వంతు ఎంత, పరికరం వంతు ఎంత అన్నదే సమస్య. 'ఆర్టిఫాక్ట్' అనే మాటకు కళాఖండమన్న నిఘంటువు అర్థం ఇక్కడ కుదరదు. హేతువులా కనిపిస్తూ హేతువు కానిదాన్ని తర్కశాస్త్రం హేత్వాభాస అంటుంది. ఆ దారిలోనే ఈ వ్యాసంలో సంకేతాభాస అంటున్నాను.

దీనికి ప్రధాన కారణం స్థిరవిద్యుత్ బలం. మొనకిచ్చిన వోల్టేజి కాంటిలీవర్ అంతటికీ చేరుతుంది. కాంటిలీవర్‌కూ నమూనాకూ మధ్య బలం అదే పౌనఃపున్యంతో మారుతూ కాంటిలీవర్‌ను వంచుతుంది. పరికరం ఆ వంపునూ పదార్థపు కదలికగానే లెక్కిస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి, క్రమవిరామాలతో ధ్రువణాన్ని తారుమారు చేసిన లిథియం నయోబేట్ స్ఫటికం మంచి గీటురాయి. పక్కపక్క డొమైన్లలో కంపన పరిమితి సమానంగా, దశాభేదం 180 డిగ్రీలుగా ఉండాలి. అసలు స్పందన 5 పికోమీటర్లు, అదే దశారేఖపై కలిసిన ఆభాస 2 పికోమీటర్లు అనుకుందాం. ఒక డొమైన్‌లో 7, రెండోదానిలో 3 కనిపిస్తాయి. దశాభేదం మాత్రం 180 డిగ్రీలే కనుక దశాచిత్రం నిర్దోషంగా కనిపిస్తుంది. ఆభాస 6 పికోమీటర్లయితే 11, 1 వస్తాయి. అప్పుడు రెండు డొమైన్లదీ ఒకే దశ. దశాచిత్రంలో వాటి మధ్య తేడాయే ఉండదు. అందువల్ల దశాచిత్రం ఒక్కటే ఆధారంగా చేసిన నిర్ధారణలను సందేహించడం న్యాయమే.

సంకేతాన్ని పెంచేందుకు స్పర్శానునాద పౌనఃపున్యం వద్ద కొలిచేటప్పుడు మరో చిక్కు ఉంది. ఎగుడుదిగుడు ఉపరితలంపై మొన స్పర్శ మారుతుంది, దానితో అనునాదమూ పక్కకు జరుగుతుంది. రేణువుల అంచులు డొమైన్లలా భాసిస్తాయి. ఎత్తుపల్లాల చిత్రంతో పోల్చి చూస్తే అనుమానానికి ఆధారం దొరుకుతుంది.

శైథిల్య వలయం కనిపించినంత మాత్రాన పదార్థం ఫెర్రోఎలక్ట్రిక్ అయిపోదు. స్థూలస్థాయి విద్యుత్ కొలతల్లో అరటి తొక్క కూడా వలయాన్నిస్తుందని 2008లో జె.ఎఫ్. స్కాట్ చూపారు. పి.ఎఫ్.ఎం.లో మొన నుంచి ఉపరితలానికి చేరిన ఆవేశం కూడా అలాంటి వలయాన్ని పుట్టించగలదు. మరింత దృఢమైన కాంటిలీవర్‌తో తిరిగి కొలిచినప్పుడు స్పందన బాగా తగ్గితే, మొదటి కొలతలో స్థిరవిద్యుత్ భాగమే ఎక్కువని గ్రహించవచ్చు.