పళ్లు పూడిన కట్టర్లు – వానిని బాగుచేయు విధము

పంపుల మరమ్మతునకును, ఇంజన్ల అల్యూమినియము భాగములను సరిచేయుటకును, కొయ్యపనికిని చేతితో పట్టి నడపు చిన్న తిరుగుడు యంత్రములు నేడు పల్లెలలోనికిని వచ్చియున్నవి. వాని కొనకు బిగించు కట్టరు చిటికెనవ్రేలి కొన యంతయే యుండును. అది తిరుగుచు కోయు ఆకురాయి యనుకొనిన చాలును. కొంతకాలమునకు కట్టరు కోయక, జారుచు, వేడెక్కి పొగ లేపును. అంతట అది మొద్దుబారినదని తలచి రైతు సోదరులు పారవేయుచున్నారు. పెక్కుసార్లు పళ్లు అరుగలేదు. పళ్ల నడిమి సందులు పూడినవి, అంతియే.

భేదము తెలిసికొనుటకు కట్టరును ఎండలో త్రిప్పి చూడవలెను. పంటి అంచు సన్నని తెల్లగీతవలె మెరసినచో అంచు గుండ్రబడినదన్నమాట; అట్టిది శుభ్రము చేసినను కోయదు. అంచు మెరయక, సందులలో మాత్రము లోహముగాని బంకగాని అంటియున్నచో అది పనికివచ్చు సరుకే.

పూడినది ఏమియో తెలియక మందు వేయరాదు. తుమ్మబంక గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానినచో మెత్తబడును. మాడి నల్లబడిన కొయ్యజిగురునకు చాకలిసోడా కలిపిన వేడినీరు మంచిది. పిదప ఇత్తడితీగల బ్రష్షుతో పళ్ల వాటమునబట్టి తోమవలెను. ప్లాస్టిక్ గొట్టములను కోయునపుడు కరగి అంటినదానిని చల్లారనిచ్చి సూదితో పెల్లగింపవచ్చును. దానిని కాల్చరాదు, పి.వి.సి. కాలినపుడు వచ్చు పొగ రొమ్ములకు హానికరము, ఉక్కునకు త్రుప్పు.

అన్నిటికంటె మొండిది అల్యూమినియము. అది మెత్తని లోహమగుటచే వేడికి సందులలో అదుముకొని పళ్లకు అతుకుకొనును. బ్రష్షునకు రాదు. అల్యూమినియము 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును గదా యని మేమొకమారు అట్టి కట్టరును కొలిమిలో పెట్టితిమి. అల్యూమినియము కారిపోయినది, కాని కార్బైడు తలను ఉక్కుకాడకు అతికించిన టంకము కూడ సడలి, రెండవనాడు కొద్దిగా తట్టగనే తల ఊడి క్రిందపడినది. అదియే యంత్రములో తిరుగుచుండగా ఊడినచో ఎవరి కన్ను పోయెడిదో! ఈ యంత్రములలో కొన్ని నిమిషమునకు 30,000 చుట్లకు పైగా తిరుగును.

దీనికి తగిన మందు సబ్బు కాచువారు వాడు కాస్టిక్ సోడా. ఇది అల్యూమినియమును తినివేయును. ఉక్కును, కార్బైడును ముట్టదు. అర లీటరు చన్నీళ్లలో 50 గ్రాముల సోడాను కొద్దికొద్దిగా వేసి కలుపవలెను. సోడామీద నీరు పోయరాదు. ఒక్కసారిగా కాగి ముఖముపై చిందును. పాత్ర స్టెయిన్‌లెస్ స్టీలుదిగాని దళసరి ప్లాస్టికుదిగాని కావలెను. అల్యూమినియపు గిన్నెలో పోసినచో ముందు గిన్నెయే చిల్లులు పడును. కట్టరు తలను తీగకు కట్టి అందులో వ్రేలాడదీయగా బుడగలు లేచును. ఆ బుడగలు హైడ్రోజను వాయువు. నిప్పు తగిలిన మండును. కావున ఈ పని ఆరుబయట, చుట్టలు బీడీలు ఆర్పి, పిల్లలను పశువులను దూరముగా నుంచి చేయవలెను. చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దములు తప్పవు. ఒంటిపై పడినచో వెంటనే ధారగా నీటితో చాలసేపు కడుగవలెను. కంటిలో పడినచో కడుగుచునే ఆసుపత్రికి పోవలెను.

బుడగలు నిలిచిన పిదప కట్టరును తీసి, నీటిలో బాగుగా కడిగి, బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, నూనె చేయి పూయవలెను. మిగిలిన సోడానీటిని విస్తారమగు నీటితో పలుచన చేసి, పొలము కాలువలోగాని పశువుల కుడితితొట్టి దరిగాని పడకుండ పారబోయవలెను.

మన ఇండ్లలో ఇత్తడిని చింతపండుతో తోముట అలవాటు గదా. ఆ మందు కార్బైడు కట్టరునకు వలదు. కార్బైడు రేణువులను పట్టియుంచునది కోబాల్టు. పులుసులో నానినచో అది కరగి పళ్ల అంచులు రాలును.

అల్యూమినియము కోయునపుడు పళ్లు తక్కువై సందులు వెడల్పైన కట్టరు వాడి, వేగము తగ్గించి, నడుమ నడుమ తిరుగుచున్న కట్టరునకు కొవ్వొత్తిని తాకించుచుండినచో పూడుట చాలవరకు తప్పును. కిరసనాయిలు కూడ పనిచేయును గాని మోటారు నిప్పురవ్వల దరి దానిని వాడుట మాకిష్టము లేదు. కట్టర్లన్నిటిని ఒకే డబ్బాలో పోసి గలగలలాడింపరాదు. కార్బైడు గట్టిదే కాని పెళుసు. ఒకదానినొకటి తాకి పళ్లు విరుగును. కొయ్యముక్కకు రంధ్రములు చేసి, కాడ క్రిందికి తల పైకి వచ్చునట్లు వేరువేరుగ నిలుపవలెను.